కంప్యూటరు చిరునామాల విభజన

ఉత్తరము చేరవలెనన్నచో ఊరిపేరు, వీథి, ఇంటి సంఖ్య కావలెను. దూరపు తపాలా కార్యాలయములో ఉత్తరములు వేరుచేయు ఉద్యోగి ఊరిపేరు మాత్రమే చూచి సంచిలో వేయును. ఇంటి సంఖ్యతో పని ఆ ఊరి పోస్టుమానుకే. కంప్యూటరుల నడుమ సమాచారము నడచుటలోను ఇదే పద్ధతి కలదు. అయితే అచ్చట ఊరును ఇంటిని ఒకే సంఖ్యలో ఇమిడ్చిరి. ఆ సంఖ్యలో ఊరు ఎచ్చట ముగిసి ఇల్లు ఎచ్చట మొదలగునో, అదియే నేడు మేము చెప్పదలచిన విషయము.

1981లో స్థిరపడిన ఏర్పాటు ప్రకారము ఐ.పి. చిరునామాలో 32 బిట్లుండును. ఒక్కొక్క బిట్టు సున్న గాని, ఒకటి గాని అగును. మన సౌకర్యమునకై వానిని ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగములు చేసి, 192.168.1.70 అనునట్లు వ్రాయుదుము. ప్రతి భాగములోను 0 మొదలు 255 వరకు సంఖ్యలు రావచ్చును.

చిరునామాతో పాటు ప్రతి యంత్రమునకు 'మాస్కు' అను మరొక సంఖ్యను ఇత్తురు. మాస్కులో ఒకట్లున్నంత మేర ఊరు, సున్నలున్నంత మేర ఇల్లు. మాస్కు 255.255.255.0 అయినచో మొదటి మూడు భాగములు ఊరు, కడపటిది ఇల్లు. ఆ 256 సంఖ్యలలో మొదటిది ఊరికే పేరు. చివరిది ఊరివారి నందరిని ఒక్కసారి పిలుచుటకు. యంత్రములకు మిగులునవి 254.

అందరిని పిలుచుట రేడియో ప్రసారము వంటిదే. కాని రేడియోను మనము కట్టివేయగలము. ఇచ్చట ప్రతి యంత్రమును ఆలకించి తీరవలెను. యంత్రములు పెరిగినకొలది ఈ పిలుపుల రద్దీయు పెరుగును. అందుచేత పెద్ద ఊరిని పేటలుగా విభజింతురు. ఈ పేటలే సబ్‌నెట్లు. ఈ పద్ధతి 1985లో ప్రమాణముగా వెలువడినది.

ఒక పాఠశాలలో కార్యాలయము, ప్రయోగశాల, గ్రంథాలయము, ఉపాధ్యాయుల గది అను నాలుగు పేటలు కావలెననుకొందము. నాలుగింటిని గుర్తించుటకు రెండు బిట్లు చాలును. ఇంటి భాగమునుండి ఆ రెంటిని తీసికొని ఊరి భాగమునకు చేర్చినచో మాస్కు 255.255.255.192 అగును. పేటకు 64 సంఖ్యలు: 0-63, 64-127, 128-191, 192-255. పేటపేటకు రెండేసి పోగా యంత్రములకు 62 చొప్పున మిగులును. ఒక్కొక్క పేట వేరు తీగతో రౌటరును చేరును.

ఇప్పుడు 70వ యంత్రము 100కు కబురంపినచో రెండును ఒకే పేటవి; నేరుగా అందించును. 130 వేరు పేటది. కబురును రౌటరుకు అప్పగించును.

70వ యంత్రములో పాత మాస్కునే మరచి వదలిరనుకొందము. దాని దృష్టిలో 130 కూడ సొంత పేటదే. కనుక రౌటరును అడుగక, తన పేటలోనే "130 ఎవరు?" అని పిలుచును. అచ్చట లేనివారు పలుకుట ఎట్లు? దూరదేశపు చిరునామాలు మాత్రము మొదటి భాగములలోనే వేరుగా కనబడును గనుక, ఆ కబుళ్లు రౌటరు ద్వారా చక్కగా పోవును. లోకమంతయు అందును; ప్రక్కగదిలోని ముద్రణయంత్రము అందదు! తీగలు మార్చుదురు, యంత్రమును విప్పుదురు. దోషము ఒక్క సంఖ్యలోనిది.

ఈ విభజనలో పొదుపు కూడ కలదు. 32 బిట్లతో ఏర్పడు చిరునామాలు సుమారు 429 కోట్లు. తొలుత వీనిని 256, 65,536, 1,67,77,216 అను మూడే కొలతలలో పంచిరి. మూడువందలు కావలసిన సంస్థకు మొదటి కొలత చాలదు. రెండవది ఇచ్చినచో అరువదియైదువేలు వృథా. 1993లో సరిహద్దును ఏ బిట్టు వద్దనైనను పెట్టవచ్చునని నిర్ణయించిరి. అయినను 2011 ఫిబ్రవరి నాటికి ప్రపంచమునకు పంచు మూలనిధి నిండుకొనినది. 128 బిట్ల క్రొత్త చిరునామాలు అందులకే వచ్చినవి. వానిలోను ఊరు, ఇల్లు అను భేదము కలదు.

చిరునామా ఒక్కటే చూచి ఎవరు ఇరుగుపొరుగువారో చెప్పజాలము. మాస్కును కూడ అడిగి తెలిసికొనవలెను.