రెండు కీబోర్డులు, ఒకటే అయోమయం

సూరత్ జిల్లా పల్సానా బట్టల మిల్లులున్న ప్రాంతం. అక్కడ ఓ తెలుగు ఇంట్లో కంప్యూటరుకు రెండు కీబోర్డులు తగిలించారనుకుందాం: ఒకటి తెలుగుకు, ఇంకోటి గుజరాతీకి. మీటలు మార్చే స్క్రిప్టూ రాశారు. తీరా చూస్తే రెండింటి మీదా తెలుగే పడుతోంది! ఎందుకు?

కీబోర్డుకు అక్షరాలు రావు, అంకెలే వచ్చు. యూఎస్‌బీ కీబోర్డులో ‘కె’ మీట నొక్కితే వెళ్లేది 14 అనే సంఖ్య. దాన్ని అక్షరంగా మార్చేది కంప్యూటరే. (ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో తెలుగు ‘క’, గుజరాతీ ‘క’ రెండూ ఆ మీట మీదే ఉంటాయి!)

విండోస్ ఈ అంకెలన్నిటినీ ఒకే వరుసలో కలిపేస్తుంది, రెండు పిల్లకాలువలు ఒకే చెరువులో పడ్డట్టు. ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రాముతో రాసే మామూలు స్క్రిప్టు చెరువు గట్టున కూర్చుంటుంది. ఏ నీళ్లు ఏ కాలువవో దానికేం తెలుసు? ‘రా ఇన్‌పుట్’ అనే సదుపాయం ఏ కీబోర్డో చెబుతుంది గానీ, మీటను ఆపలేదు. ఆపి మార్చాలంటే ఇంటర్‌సెప్షన్ లాంటి డ్రైవరు కావాలి.

లినక్స్‌లో ప్రతి కీబోర్డుకూ విడి దారి ఉంటుంది. చిక్కల్లా ఆ దారి పేరుతోనే. నిన్న ‘ఈవెంట్3’ అయినది, తీగ పీకి పెడితే ‘ఈవెంట్7’ కావచ్చు. పాత నంబరునే నమ్ముకున్న స్క్రిప్టు మూగబోతుంది. అందుకే నంబరు బదులు ‘బై-ఐడీ’ అనే స్థిరమైన పేరు రాయాలి.

రెండూ ఒకే మోడల్ అయితే ఆ పేరూ ఒకటే కావచ్చు. అప్పుడు ‘బై-పాత్’ వాడండి, కీబోర్డుల పోర్టులు మాత్రం మార్చకండి.