గేమ్‌లో ఆటగాడి ఎంపిక: లెక్కా, అదృష్టమా?

ఒకప్పుడు ఫిఫా పేరుతో వచ్చి, 2023 నుంచి ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీగా మారిన గేమ్‌లో టీమ్ కట్టేటప్పుడు చాలామంది పిల్లలు ఓవరాల్ రేటింగ్ ఒక్కటే చూస్తారు. కానీ ఒకే రేటింగ్ ఉన్న ఇద్దరిలో ఒకరిది వేగం, ఇంకొకరిది పాసింగ్ కావచ్చు. వేగం, షూటింగ్, పాసింగ్, డ్రిబ్లింగ్, డిఫెన్స్, శరీర బలం.. ఈ ఆరింటినీ రాడార్ చార్ట్‌గా గీస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

కెరీర్ మోడ్‌లో బడ్జెట్ తక్కువా? అడ్డంగా ధర, నిలువుగా రేటింగ్ వేసి, ఒక్కో ఆటగాడికి ఒక చుక్క పెట్టాలి. ఎడమవైపు పైన ఉన్న చుక్కలే చవకైన మంచి ఆటగాళ్లు. వాళ్లలో వయసు మళ్లినవాళ్లుంటారు కాబట్టి వయసుకో రంగు వేస్తే మేలు.

అల్టిమేట్ టీమ్‌లో డబ్బు పెట్టి ప్యాక్ కొంటే మాత్రం అంతా అదృష్టమే. బెల్జియం అధికారులు 2018లో దీన్ని జూదమే అన్నారు. పిల్లలు గీసేది చార్టా, కొనేది ప్యాకా.. అమ్మీ, అబ్బా ఒకసారి చూసుకోవాలి.