రాగిరేకులు, రికార్డులు, క్యాసెట్లు

రాజంపేట సమీపంలోని తాళ్లపాకలో జన్మించిన అన్నమాచార్యులు (1408–1503) ముప్పది రెండు వేల సంకీర్తనలు రచించినట్లు ప్రతీతి. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని ఒక అరలో భద్రపరచినారు. శతాబ్దాలు గడచిన తరువాత, ఇరువదవ శతాబ్దపు తొలి దశకాలలో, ఆ రేకులు లోకానికి వెల్లడి అయినవి. ముప్పది రెండు వేలలో సగానికి లోపే అయినా సాహిత్యం మనకు దక్కినది. రాగాల పేర్లు కూడ దక్కినవి. కాని అన్నమయ్య ఆ పాటను ఏ తీరున పాడినాడో తెలుపగల సాధనం లేకపోయినది. అందువలననే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు ఆ సంకీర్తనలకు నూతనంగా స్వరరచన చేయవలసి వచ్చినది. అక్షరం నిలిచినది, గొంతు నిలువలేదు.

గొంతును నిలుపుకొనే విద్య మానవునికి 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫుతో అలవడినది. మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అను గాయని పాటలను రికార్డు చేసినారు. పాట ముగియగానే ఆమె తన పేరును తానే చెప్పుకొనేది. ఆ రికార్డులు విదేశంలో తయారు కావలసి ఉన్నందున, అక్కడి పనివారు ఏ పాట ఎవరిదో గుర్తించుటకు ఆ ఏర్పాటు అని చెబుతారు. ఈ చిన్న విషయాన్ని విద్యార్థులు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాను. దీనితో మనకు మరల పని పడుతుంది.

1948లో ఎల్.పి. రికార్డులు వచ్చినవి. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు క్యాసెట్టును ప్రవేశపెట్టినారు. కడపలో ఆకాశవాణి కేంద్రం నెలకొన్నది కూడ ఆ సంవత్సరమే. రికార్డు ఉన్న ఇంట వినుట మాత్రమే సాధ్యం. క్యాసెట్టు వచ్చిన తరువాత సామాన్యుడు సైతం తన ఇంటి గొంతును తానే దాచుకొనగలిగినాడు. క్యాసెట్టు చేసిన గొప్ప మేలు ఇదే.

మా తండ్రిగారు ప్రొద్దుటూరులో చిన్న ఉద్యోగం చేస్తూ జీతంలో మిగిలినదంతా రికార్డులకు, క్యాసెట్లకు వెచ్చించినారు. పులివెందులలో పెండ్లిండ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చే మా మేనమామ ఆ వృత్తిని మానుకొన్నప్పుడు తన రికార్డులన్నింటిని ఆయనకే అప్పగించినాడు. తండ్రిగారు గతించిన తరువాత రెండు ట్రంకు పెట్టెలు, ఒక చెక్క బీరువా నా పాలికి వచ్చినవి. అందులో సుమారు 200 రికార్డులు, 300 క్యాసెట్లు ఉన్నవి. వాటిని డిజిటల్ రూపంలోనికి మార్చే పనిని స్వయంగా చేసి నేర్చుకొన్న సంగతులను ఇక్కడ మనవి చేస్తున్నాను.

డిజిటలీకరణ అనగా శబ్దాన్ని అంకెలుగా మార్చుట. రికార్డు గాడిలో నడచే సూది కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తును కంప్యూటరుకు చేర్చే పరికరం దానిని సెకనుకు వేల పర్యాయాలు కొలిచి అంకెలుగా వ్రాస్తుంది. సి.డి.లో ఈ కొలత సెకనుకు 44,100 సార్లు జరుగుతుంది. చిరకాలం భద్రపరచుటకు 96,000 సార్లు, ఒక్కొక్క కొలతకు 24 బిట్ల సూక్ష్మతతో వ్రాయుట మేలు. అంకెలకు అరుగుదల లేదు. ఎన్ని ప్రతులు తీసినను మొదటి ప్రతికి, వందవ ప్రతికి భేదముండదు.

ఇక రికార్డుల విషయం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు లక్కతో రాతిపొడి కలిపి చేసినవి. చేయి జారినచో పెంకు వలె పగులుతాయి. వీటిని స్పిరిటుతో తుడువరాదు, లక్క కరిగిపోతుంది. స్వేదన జలంతో తడిపిన మెత్తని గుడ్డ చాలును. 78 రికార్డు గాడి వెడల్పైనది. దానికి సుమారు 75 మైక్రాన్ల మొన గల సూది కావలెను. ఎల్.పి.కి 25 మైక్రాన్ల సూది సరిపోతుంది. సన్నని సూదిని వెడల్పు గాడిలో నడిపినచో అది అడుగున దొర్లి, పాటకు బదులు గరగర వినిపిస్తుంది. ఎల్.పి. రికార్డులకు వేడి శత్రువు. మన ప్రాంతపు వేసవిలో వాటిని ఒకదానిపై నొకటి పేర్చిన యెడల వంగిపోతాయి. పుస్తకాల వలె నిలువుగా ఉంచవలెను.

క్యాసెట్టు పని ఇంకను సున్నితమైనది. గంట క్యాసెట్టులో సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడచే టేపు సుమారు 86 మీటర్లు ఉంటుంది. ఏండ్ల తరబడి కదలకుండా ఉన్న టేపు చుట్లు ఒకదానికొకటి అంటుకొని ఉండవచ్చును. నేను ఈ సంగతి తెలియక మొదటి క్యాసెట్టును పెట్టిన వెంటనే వాయింపగా టేపు తెగినది. వాయించుటకు ముందు ఒకసారి చివరి వరకు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పుట మంచిది. టేపు రికార్డరు హెడ్డును శుభ్రపరచవలెను. క్యాసెట్టు వెనుక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను విరిచివేసినచో, పొరపాటున మీట నొక్కినా ఉన్న శబ్దం చెరిగిపోదు.

ఈ పనిలో తొందర కుదరదు. గంట క్యాసెట్టుకు గంట కాలం పట్టవలసినదే. దినమునకు రెండు గంటలు కేటాయించినను 300 క్యాసెట్లకు ఐదు మాసాలు కావలెను. పైన చెప్పిన సూక్ష్మతతో ఒక గంట శబ్దం సుమారు రెండు గిగాబైట్ల చోటును ఆక్రమిస్తుంది. అనగా 300 గంటలు ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో ఇముడుతాయి. మూల ప్రతిని వేవ్ రూపంలో ఉంచి, వినుటకు ఎంపీత్రీ ప్రతిని వేరుగా తీసుకొనవలెను. హార్డ్ డిస్కు కూడ చెడిపోయే వస్తువే కనుక మూడు ప్రతులు అవసరం. అందులో ఒకటి వేరొక ఇంట ఉండవలెను.

యంత్రం సంగతి ఇంతే. కాని అసలు ప్రశ్న వేరొకటి ఉన్నది: ముందుగా దేనిని కాపాడవలెను?

నేను మొదట చక్కని అట్టలు గల సినిమా రికార్డులతో పని ఆరంభించినాను. చీటీపై ఏదో సినిమా పేరు మాత్రమే ఉన్న ఒక క్యాసెట్టును, ఆ పాటలు ఎక్కడైనా దొరుకుతాయి కదా యని ప్రక్కన పెట్టినాను. నెలల తరువాత దానిని వాయింపగా, రెండవ ప్రక్క పాటలు హఠాత్తుగా ఆగి, జమ్మలమడుగులోని మా దాదీ గొంతు వినవచ్చినది. పీర్ల పండుగ పాట ఒకటి తెలుగులో అందుకొన్నది. నడుమ ఉర్దూలో ఎవరినో గదమాయించి, మరల పాటలోనికి వచ్చినది. ఆమెతో కలసి మరొక స్త్రీ వంత పాడుచున్నది. పదునొకండు నిమిషాలు. మా దాదీ గొంతు ప్రపంచంలో ఆ పదునొకండు నిమిషాలే మిగిలి ఉన్నది.

ఆ రెండవ గొంతు ఎవరిదో మా ఇంట ఎవరికిని తెలియలేదు. తెలిసి ఉండదగిన వ్యక్తి మా మేనత్త ఒక్కతే. ఆమె కన్నుమూసి అప్పటికి నాలుగు మాసాలైనది. సినిమా రికార్డులపై గడపిన ఆ నెలలను మొదట ఈ క్యాసెట్టుకు వినియోగించి ఉన్నచో, ఆ పాటగత్తె పేరు నేడు నా పుస్తకంలో ఉండెడిది. గౌహర్ జాన్ పాట చివర తన పేరు చెప్పినది. మన ఇండ్లలో పాడిన వారికి ఆ అవసరం తోచలేదు. వారి పేర్లను మనమే అడిగి వ్రాసుకొనవలెను.

కావున క్రమం ఇది. అంగడిలో అమ్మిన రికార్డుకు మరొక ప్రతి ఎక్కడైనా ఉండవచ్చును. చెన్నైలో వి.ఎ.కె. రంగారావుగారు వేల కొలది గ్రామఫోను రికార్డులను సేకరించినారు. చరిత్రకారుడు విక్రమ్ సంపత్ బెంగుళూరులో స్థాపించిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ పాత రికార్డులను డిజిటలీకరించి అందరికిని వినిపించుచున్నది. కాని ఇంట రికార్డు చేసిన క్యాసెట్టుకు రెండవ ప్రతి లేదు. ముందు అది, తరువాతనే తక్కినవి. ప్రతి ఫైలుకు పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం, రికార్డు చేసినవారి పేరు తప్పక జతపరచవలెను. పేరు లేని ఫైలు చీటీ లేని మందుసీసా వంటిది. ఒక హెచ్చరిక కూడ అవసరం: శబ్ద ముద్రణపై హక్కు మన చట్టం ప్రకారం, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏండ్లు ఉంటుంది. కొనుక్కొన్న రికార్డు మనదే అయినను పాటను లోకానికి పంచే హక్కు మనది కాదు.

ప్రొద్దుటూరు సాహిత్యానికి పుట్టినిల్లు వంటిది. పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) నివసించిన ఊరిది. వారి శివతాండవాన్ని అచ్చులో చదువుట ఒక ఎత్తు, వారి నోట వినుట మరొక ఎత్తు అని విన్నవారందరు చెబుతారు. ఈ మూడు తాలూకాలలో జరిగిన అవధానాలు, ముషాయిరాలు, హరికథలు, ఖవ్వాలీలు ఎవరి టేపులలో నిద్రించుచున్నవో! మన విద్యార్థులు ఈ వేసవి సెలవులలో తమ ఇంటి అటుకమీది పెట్టెను ఒకసారి దించవలెను. యంత్రం లేకున్నను ఫరవాలేదు. అది తరువాత సమకూడుతుంది. ఆ క్యాసెట్టులో ఉన్నదెవరో చెప్పగల పెద్దవారి వద్ద మాత్రం ముందుగా కూర్చొని, చీటీ మీద ఆ పేరు వ్రాయవలెను.