పడమటికి జరిగిన సరిహద్దు: అమెరికా విస్తరణ, మూలవాసుల భూమి

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గురించి మీరు ఇంతకు ముందు చదివారు. 1781లో యార్క్‌టౌన్ దగ్గర కార్న్‌వాలిస్ సేన లొంగిపోవడంతో ఆ యుద్ధం దాదాపు ముగిసింది. ఈ కార్న్‌వాలిస్ మీకు కొత్తవాడు కాదు. 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి, 1792లో టిప్పు సుల్తాన్ రాజ్యంలో సగం లాగుకొని, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు నిర్ణయం ప్రవేశపెట్టినవాడు ఇతడే. అతడు వదలి వెళ్ళిన అమెరికాలో ఆ తరువాత ఏమి జరిగింది? పదమూడు వలసలు కలిసి ఏర్పడ్డ చిన్న దేశం డెబ్బై ఏళ్ళు తిరగకముందే రెండు మహాసముద్రాల మధ్య ఎలా పరచుకుంది? ఆ భూమి అంతకు ముందు ఎవరిది? ఈ పాఠంలో మీరు ఈ విషయాలు తెలుసుకుంటారు.

పాఠం మొదలు పెట్టే ముందు మీ దగ్గర అట్లాసు ఉంటే ఉత్తర అమెరికా పటం తెరిచి పెట్టుకోండి. తూర్పున అట్లాంటిక్ తీరం, దానికి సమాంతరంగా అపలేచియన్ పర్వతాలు, మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి పారే మిసిసిపీ నది. ఈ మూడింటిని గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

ఒక మాట. పాత పుస్తకాల్లో ఇక్కడి మొదటి నివాసులను ‘రెడ్ ఇండియన్లు’ అని రాసేవారు. కొలంబస్ తాను ఇండియా చేరానని పొరబడి పెట్టిన పేరు అది. వారు ఒకే జాతి కాదు. షానీలు, మయామీలు, క్రీకులు, చెరోకీలు, చోక్టాలు, ఇలా వందలాది జాతులు, వేరు వేరు భాషలు. ఈ పాఠంలో వారిని మూలవాసులు అని పిలుస్తాం.

17.1 గీత గీసింది ఒకరు, దాటింది మరొకరు

1763లో బ్రిటిష్ రాజు ఒక ప్రకటన చేశాడు. అపలేచియన్ పర్వతాలకు పడమర ఉన్న భూమి మూలవాసులది, వలసవారు అక్కడ స్థిరపడరాదు అన్నది దాని సారాంశం. రాజుకు మూలవాసుల మీద ప్రేమ పొంగిందని అనుకోకండి. అప్పుడే ఫ్రెంచివారితో పెద్ద యుద్ధం ముగిసింది, ఖజానా ఖాళీ అయింది. అడవుల్లో మరో యుద్ధం వస్తే సైన్యాన్ని పోషించే స్తోమత లేదు. అయితే వలసల్లోని పెద్దమనుషులు చాలామంది ఆ పడమటి భూముల మీద అప్పటికే పెట్టుబడి పెట్టి ఉన్నారు. వారిలో జార్జి వాషింగ్టన్ ఒకడు. కనుక స్వాతంత్ర్య పోరాటానికి పన్నులతో పాటు ఈ గీత కూడా ఒక కారణం. టీ పెట్టెలను సముద్రంలో పారబోసిన కథ అందరికీ గుర్తుంటుంది గాని, ఈ గీత సంగతి ఎందుకో అంతగా చెప్పరు.

1783లో పారిస్ సంధి జరిగింది. బ్రిటన్ మిసిసిపీ నది వరకు ఉన్న భూమినంతా అమెరికాకు వదులుకుంది. సంధి మాట్లాడిన చోట మూలవాసుల ప్రతినిధి ఒక్కడు కూడా లేడు. తాము నివసిస్తున్న భూమి చేతులు మారిందని వారిలో చాలామందికి ఆ తరువాత ఎప్పుడో తెలిసింది.

17.2 కొలత గొలుసు

కొత్త ప్రభుత్వానికి అప్పులు ఎక్కువ, ఆదాయం తక్కువ. ఉన్న ఆస్తి భూమి ఒక్కటే. 1785లో చేసిన శాసనం ప్రకారం భూమిని సర్వే చేసి చతురస్రాలుగా విడగొట్టారు. ఒక్కొక్క పెద్ద చతురస్రం పొడవు ఆరు మైళ్ళు, వెడల్పు ఆరు మైళ్ళు. దాన్ని 36 గళ్ళు చేశారు. ఒక గడి అంటే ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. ఎకరా ధర ఒక డాలరు. ఒక గడికి తక్కువగా అమ్మరు.

ఇక్కడ కాస్త లెక్క వేయండి. ఒక గడి కొనాలంటే 640 డాలర్లు కావాలి. మామూలు రైతు దగ్గర అంత డబ్బు ఎక్కడిది? కొన్నవారు ఎక్కువగా కంపెనీలు, భూమి వ్యాపారులు. వారు ముక్కలు చేసి లాభానికి అమ్మారు. చేతిలో డబ్బు లేని కుటుంబాలు సర్వే కంటే ముందుగానే అడవిలోకి పోయి గుడిసెలు వేసుకున్నాయి. 1820లో చట్టం మార్చి 80 ఎకరాలు కూడా అమ్మవచ్చు, ఎకరా ఒక డాలరు పాతిక సెంట్లు అన్నారు. అంటే వంద డాలర్లు ఉంటే ఒక పొలం. అప్పటి నుంచి పడమటికి పోయే బండ్లు ఎక్కువయ్యాయి.

1787లో మరో శాసనం వచ్చింది. ఒహాయో నదికి వాయవ్యంగా ఉన్న ప్రాంతంలో స్వేచ్ఛగా ఉన్న జనాభా 60,000 చేరితే ఆ భాగం కొత్త రాష్ట్రం కావచ్చు, పాత రాష్ట్రాలతో సమానమైన హోదా పొందవచ్చు. ఇది చాలా తెలివైన ఏర్పాటు. కొత్త ప్రాంతాలను వలసలుగా తొక్కి ఉంచితే తాము బ్రిటన్ మీద తిరగబడ్డట్లే అవి కూడా తిరగబడతాయని వారికి తెలుసు. అదే శాసనంలో మూలవాసుల భూమిని వారి సమ్మతి లేనిదే తీసుకోబోమని కూడా రాసుకున్నారు. అమలైంది మొదటి మాట మాత్రమే.

మూలవాసులు చేతులు కట్టుకొని కూర్చోలేదు. 1791 నవంబరు 4న మయామీ నాయకుడు లిటిల్ టర్టిల్, షానీ నాయకుడు బ్లూ జాకెట్ కలిసి జనరల్ సెయింట్ క్లెయిర్ సైన్యాన్ని చుట్టుముట్టి దెబ్బ తీశారు. 600 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. మూలవాసుల చేతిలో అమెరికా సైన్యం ఇంతకంటే ఘోరంగా ఎప్పుడూ ఓడలేదు. మూడేళ్ళ తరువాత ఫాలెన్ టింబర్స్ యుద్ధంలో ఫలితం తారుమారైంది. 1795 గ్రీన్‌విల్ సంధితో నేటి ఒహాయో రాష్ట్రంలో ఎక్కువ భాగం వారి చేయి జారింది.

17.3 కొన్న భూమి, కొనని భూమి

1803లో అధ్యక్షుడు జెఫర్సన్ ఫ్రాన్సు దగ్గర లూసియానాను కొన్నాడు. ఇది నేటి లూసియానా రాష్ట్రం ఒక్కటే అనుకోకండి. మిసిసిపీకి పడమర సుమారు 8,28,000 చదరపు మైళ్ళు. నేటి భారతదేశ వైశాల్యంలో దాదాపు మూడింట రెండు వంతులు. ధర 1 కోటి 50 లక్షల డాలర్లు, అంటే ఎకరాకు మూడు సెంట్ల లోపే. హైతీలో బానిసల తిరుగుబాటు చేతిలో ఓడిన నెపోలియన్‌కు అమెరికా ఖండం మీద ఆశ పోయింది, బ్రిటన్‌తో యుద్ధానికి డబ్బు కావాలి, అందుకే అమ్మేశాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జాగ్రత్తగా చదవండి. నెపోలియన్ అమ్మింది ఏమిటి? ఆ భూమిలో ఎక్కువ భాగాన్ని ఏ ఫ్రెంచివాడూ చూడను కూడా లేదు. అక్కడ నివసిస్తున్నది మూలవాసులు. నిజానికి అమెరికా కొన్నది, ఇతర ఐరోపా దేశాలు అడ్డురాకుండా మూలవాసుల నుంచి ఆ భూమిని తీసుకొనే హక్కును మాత్రమే. అసలు భూమి కోసం ఆ తరువాత ఒక్కొక్క జాతితో ఒప్పందాలు రాయించుకోవలసి వచ్చింది, లేదా యుద్ధం చేయవలసి వచ్చింది.

ఆ ఒప్పందాలు ఎలా జరిగేవి? సాధారణంగా ఒక జాతిలో ఎవరో కొందరు నాయకులను పిలిచి, సరుకులు ఇచ్చి, వార్షిక భరణం ఆశ చూపి సంతకం పెట్టించేవారు. 1809లో ఫోర్ట్ వేన్ దగ్గర ఈ విధంగానే సుమారు 30 లక్షల ఎకరాలు తీసుకున్నారు. షానీ నాయకుడు టెకమ్సే దీన్ని ఒప్పుకోలేదు. భూమి అన్ని జాతులకు ఉమ్మడి ఆస్తి, ఏ ఒక్క జాతికీ విడిగా అమ్మే హక్కు లేదు అన్నది అతని వాదన. ఉత్తరం నుంచి దక్షిణం దాకా తిరిగి జాతులను కూడగట్టాడు. అతడు ఊరిలో లేని సమయంలో, 1811 నవంబరులో, టిప్పికనూ దగ్గర అతని అనుచరులకూ గవర్నర్ హ్యారిసన్ సేనకూ యుద్ధం జరిగింది. ఆ తరువాత ఊరు తగలబెట్టారు. 1813లో బ్రిటిష్ పక్షాన పోరాడుతూ టెకమ్సే మరణించాడు. అతనితో ఆ కూటమి కూడా పోయింది.

ఇంతవరకు చదివింది అర్థమైందో లేదో చూసుకోండి. పుస్తకం మూసి, మీ నోటుపుస్తకంలో మూడు నాలుగు వాక్యాల్లో రాయండి: లూసియానాను కొన్న తరువాత కూడా అమెరికా మూలవాసులతో ఒప్పందాలు ఎందుకు చేసుకోవలసి వచ్చింది?

17.4 చెరోకీలు: అన్నీ నేర్చుకున్నా

ఇప్పుడు దక్షిణానికి వద్దాం. జార్జియా, టెనెసీ రాష్ట్రాల కొండల్లో చెరోకీలు ఉండేవారు. ‘మీరు వేట మాని వ్యవసాయం చేయండి, మాలాగ బతకండి, అప్పుడు కలిసి ఉండవచ్చు’ అని ప్రభుత్వం వారికి చెబుతూ వచ్చింది. చెరోకీలు ఆ మాట నమ్మారు. పొలాలు దున్నారు, మగ్గాలు పెట్టారు, బడులు తెరిచారు. 1827లో సొంత రాజ్యాంగం రాసుకున్నారు. వారిలోని ధనికులు తెల్లవారిని చూసి నల్లజాతి బానిసలను కూడా కొన్నారు. 1835 నాటికి చెరోకీల దగ్గర సుమారు 1,600 మంది బానిసలు ఉండేవారు. ఈ సంగతి దాచిపెట్టి కథ చెప్పడం సరికాదు.

వారిలో సెకోయా అనే పనివాడు ఉండేవాడు. ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవారు కాగితం మీద గీతలు చూసి మాట్లాడుకోవడం గమనించి, తన భాషకూ లిపి చేయాలనుకున్నాడు. చాలా ఏళ్ళు కష్టపడి 1821 నాటికి పూర్తి చేశాడు. తెలుగు చదివేవారికి దీన్ని వివరించడం తేలిక. మనం ‘క’కు గుడి ఇస్తే ‘కి’, కొమ్ము ఇస్తే ‘కు’ అవుతుంది. సెకోయా లిపిలో గుణింతాలు లేవు, ఒక్కొక్క అక్షర ధ్వనికి ఒక్కొక్క విడి గుర్తు. మొత్తం 85 గుర్తులు. అవి నేర్చుకుంటే చాలు, చదవడం వచ్చినట్లే. కొన్నేళ్ళలోనే వేలమంది పెద్దవాళ్ళు చదువరులయ్యారు. బడికి పోని పెద్దలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. 1828 ఫిబ్రవరిలో వారి రాజధాని న్యూ ఎకోటా నుంచి ‘చెరోకీ ఫీనిక్స్’ పత్రిక చెరోకీ, ఇంగ్లీషు భాషల్లో వెలువడింది.

కాని భూమికి గిరాకీ పెరిగింది. 1793లో విట్నీ చేసిన జిన్ను యంత్రం వల్ల గింజ తీయడం సులువై, ప్రత్తి పండించడం పెద్ద లాభసాటి అయింది. ప్రత్తికి భూమి కావాలి, బానిసలు కావాలి. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. దీనికి తోడు 1829 ప్రాంతంలో చెరోకీల కొండల్లో బంగారం బయటపడింది. జార్జియా ప్రభుత్వం తన చట్టాలు చెరోకీల మీద కూడా చెల్లుతాయని ప్రకటించింది. తెల్లవాడి మీద చెరోకీ కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వీల్లేదన్నది. అంటే తెల్లవాడు పశువులు తోలుకుపోయినా, ఇల్లు ఆక్రమించినా చెప్పుకొనే దిక్కు లేదు. 1832లో చెరోకీల భూమిని లాటరీ వేసి పంచింది. భూమి మీద ఇంకా వారు కాపురం ఉంటూనే ఉన్నారు!

1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ కోరిన ‘తరలింపు చట్టం’ వచ్చింది. మూలవాసులను మిసిసిపీకి పడమరకు పంపడం దాని ఉద్దేశం. ప్రతినిధుల సభలో 102 మంది అనుకూలం, 97 మంది వ్యతిరేకం. ఈ అంకెలు గుర్తుంచుకోండి. ‘ఆ కాలంలో అందరూ అలాగే ఆలోచించేవారు’ అని ఎవరైనా అంటే, దాదాపు సగం సభ కాదన్నదని చెప్పవచ్చు.

చెరోకీలు ఆయుధాలు పట్టలేదు, కోర్టుకు వెళ్ళారు. 1831లో సుప్రీం కోర్టు వారిది విదేశం కాదంటూ కేసు వినడానికి నిరాకరించింది. 1832లో మరో కేసు వచ్చింది. జార్జియా అనుమతి లేకుండా చెరోకీల మధ్య ఉన్నందుకు జైలు పాలైన వూస్టర్ అనే మత ప్రచారకుడి కేసు అది. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఈసారి చెరోకీల భూమి మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు ఇచ్చాడు. చెరోకీలు గెలిచారు. అయితే తీర్పును అమలు చేయించేవారు లేరు. దీని గురించి జాక్సన్ అన్నాడని ఒక ఎగతాళి మాట ప్రచారంలో ఉంది. అతడు నిజంగా అలా అన్నాడని చరిత్రకారులు నమ్మరు. అనకపోయినా జరిగింది మాత్రం అదే. 1814లో హార్స్‌షూ బెండ్ యుద్ధంలో ఇదే జాక్సన్ క్రీకుల మీద గెలవడానికి చెరోకీ యోధులు తోడ్పడ్డారు. తరువాత చెరోకీల ప్రధాన నాయకుడైన జాన్ రాస్ ఆ యుద్ధంలో ఉన్నాడు.

17.5 కన్నీటి దారి

1835 డిసెంబరులో చెరోకీలలో ఒక చిన్న వర్గం న్యూ ఎకోటాలో ఒప్పందం మీద సంతకం పెట్టింది. 50 లక్షల డాలర్లకు తూర్పు భూమినంతా వదులుకోవడం దాని షరతు. సంతకం చేసినవారిలో మేజర్ రిడ్జ్, పత్రికకు తొలి సంపాదకుడైన ఎలియాస్ బూడినో ఉన్నారు. వారు డబ్బుకు అమ్ముడుపోయారని చాలామంది తిట్టారు. ఎలాగూ భూమి నిలవదు, ప్రజల ప్రాణాలైనా దక్కించుకుందాం అన్నది వారి వాదన. జాన్ రాస్ వర్గం ఒప్పుకోలేదు. ఒప్పందం చెల్లదంటూ 15,000కు పైగా సంతకాలతో వినతిపత్రం పంపారు. ఒప్పందం ఖరారు కావడానికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 1836లో అది ఒక్క ఓటు ఆధిక్యంతో గట్టెక్కింది.

1838 మే నెలాఖరులో జనరల్ స్కాట్ ఆధ్వర్యంలో సుమారు 7,000 మంది సైనికులు దిగారు. పొలంలో ఉన్నవారిని పొలం నుంచి, అన్నం దగ్గర ఉన్నవారిని అన్నం దగ్గర నుంచి లేవదీసి దడులు కట్టిన శిబిరాలకు తోలారు. సుమారు 16,000 మంది. ఎండాకాలమంతా శిబిరాల్లో విరేచనాలు, జ్వరాలు. శరత్కాలంలో మొదలైన ప్రయాణం చలికాలంలో సాగింది. 1,300 కిలోమీటర్లకు పైగా దూరం, ఎక్కువమంది కాలినడక. మిసిసిపీ నదిలో మంచుగడ్డలు తేలుతూ ఉంటే రోజుల తరబడి ఒడ్డున ఆగిపోయారు. శిబిరాల్లో, దారిలో చనిపోయినవారు సుమారు 4,000 మంది అని ఎక్కువగా చెబుతారు. జాన్ రాస్ భార్య కూడా దారిలోనే మరణించింది. ఈ ప్రయాణాన్నే ‘కన్నీటి దారి’ అంటారు.

అవతలి ఒడ్డు చేరినంత మాత్రాన గొడవ తీరలేదు. 1839 జూన్ 22న, ఒప్పందం మీద సంతకం పెట్టినందుకు మేజర్ రిడ్జ్, అతని కొడుకు జాన్ రిడ్జ్, బూడినో ఒకే రోజు హత్యకు గురయ్యారు. ఇతర జాతుల కథ కూడా ఇటువంటిదే. చోక్టాలు, క్రీకులు, చికసాలు తరలిపోయారు. ఫ్లోరిడాలోని సెమినోల్‌లు మాత్రం 1835 నుంచి 1842 వరకు చిత్తడి అడవుల్లో యుద్ధం చేశారు. వారిలో కొందరిని అక్కడి నుంచి కదల్చడం సాధ్యం కాలేదు.

‘ఇక మిమ్మల్ని కదిలించం’ అని మాట ఇచ్చి పంపిన ఆ పడమటి భూమి 1907లో ఓక్లహోమా రాష్ట్రంలో కలిసిపోయింది. అయితే క్రీకులకు ఒప్పందంలో రాసి ఇచ్చిన భూమిని కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చేయలేదని, పెద్ద నేరాల విచారణ విషయంలో అది ఇప్పటికీ వారి రిజర్వేషనే అని 2020లో అమెరికా సుప్రీం కోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. ఓక్లహోమా కోర్టులు అదే సూత్రాన్ని చెరోకీల భూమికీ వర్తింపజేశాయి. వారి రాజధాని టాలెక్వాలో వీధి పేర్ల పలకల మీద సెకోయా అక్షరాలు నేటికీ కనిపిస్తాయి.