టీకా తర్వాత వాపు – హోమియో మాత్రలు

గాలికుంటు టీకాలు వేసిన వారం లోపల ఏ సంఘానికి వెళ్లినా మాకు ఒకటే ఫిర్యాదు వినిపిస్తుంది. "సూది వేయించాం, మెడమీద నిమ్మకాయంత గడ్డ లేచింది, పూటకు అరలీటరు పాలు తగ్గాయి" అని. ఈ విడతలో దానికి తోడు ఇంకో మాట విన్నాం. ఒక సంఘంలో పాలు పోయడానికి వచ్చిన పెద్దమ్మ ఒకావిడ కొంగుముడి విప్పి చిన్న సీసా చూపించింది. "మా మనవరాలి పిల్లికూనకు రేబిస్ టీకా వేయిస్తే భుజంమీద బుడిపె కట్టింది బాబూ. టౌనులో తూజా మాత్రలు ఇచ్చారు. నాలుగు రోజుల్లో కరిగిపోయింది. అవే మా గేదెకూ వేస్తున్నాను. దానికీ తగ్గుముఖం పట్టింది" అన్నది. అక్కడున్న నలుగురూ వెంటనే ఆ మందు పేరు రాసుకున్నారు. కార్యదర్శిగారు మా ముఖం చూశారు. పాలక్యాన్ల మధ్య నిలబడి చెప్పేంత చిన్న విషయం కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాం.

ముందు ఆ గడ్డ సంగతి. గాలికుంటు టీకాలో ఉన్నది చంపిన వైరస్. దానివల్ల జబ్బు రాదు. అయితే చచ్చిన క్రిమిని శరీరం అంతగా పట్టించుకోదు. అందుకని దానితోబాటు నూనెవంటి పదార్థం ఒకటి కలుపుతారు. అది సూది వేసినచోట కొన్నాళ్లు నిలిచి, అక్కడికి రక్షణకణాలను రప్పిస్తుంది. ఆ రావడమే వాపు, వేడి, నొప్పి. ఒకటి రెండు రోజులు ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, మేత తగ్గుతుంది, దానివెంట పాలూ తగ్గుతాయి. మన పిల్లలకు టీకా వేయించిన రాత్రి జ్వరం వచ్చినట్లే ఇదీను. ఎక్కువ పశువులలో మూడు నాలుగు రోజులకు మేత, వారం పది రోజులలో పాలు మామూలుకు వస్తాయి. గట్టి బుడిపె మాత్రం కొన్నిటిలో కొద్ది వారాలు ఉండి మెల్లగా కరుగుతుంది.

అంటే మందు వేసినా వేయకపోయినా మూడో నాలుగో రోజుకు తగ్గుముఖం పట్టే బాధ ఇది. రెండో రోజున మనం కంగారుపడి మాత్ర వేస్తాం. నాలుగో రోజున గేదె గడ్డి అందుకుంటుంది. పేరు మాత్రకు పోతుంది. పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు, చూసిందే చెప్పింది. ఆవిడ చూడనిది ఒకటే. మాత్ర వేయని పక్కింటి గేదె కూడా అదే నాలుగో రోజున గడ్డి అందుకుంది.

హోమియో వైద్యం మన ప్రాంతానికి కొత్తది కాదు. గుడివాడలో కళాశాల ఉంది, ఊరూరా నమ్మకస్తులు ఉన్నారు, ప్రభుత్వ గుర్తింపూ ఉంది. కనుక ఎగతాళి చేయకుండా లెక్క చూద్దాం. సీసామీద '30' అని వేసి ఉంటుంది. ఒక వంతు మందును తొంభైతొమ్మిది వంతుల ద్రావకంలో కలిపి, అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ తొంభైతొమ్మిది వంతులలో కలిపి, ఇలా ముప్పైసార్లు చేశారని దాని అర్థం. ఇదే పని పాలతో చేసి చూడండి. ఒక లీటరు పాలు వంద లీటర్ల నీటిలో కలిపామనుకుందాం. మూడోసారికే అది పది లక్షల లీటర్లలో ఒక లీటరు. (మన పరీక్షకుడు మొదటిసారికే లాక్టోమీటరు పక్కనపెట్టి క్యాను వెనక్కి పంపుతాడనుకోండి.) పన్నెండోసారి దాటేసరికి మొదటి పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. ముప్పైయవసారి నాటికి ఒకటి పక్కన అరవై సున్నాలు. చివరకు సీసాలో మిగిలేది చక్కెర గుళిక.

పరీక్షలు జరగలేదా అంటే, జరిగాయి. 1981 నుంచి 2014 వరకు పాడిపశువులు, పందులు, కోళ్లపై జరిగిన హోమియో పరీక్షలను ఒకచోట చేర్చి 2016లో ఒక సమీక్ష వెలువడింది. కొన్నిటిలో గుణం కనబడిందని ఉంది, కొన్నిటిలో లేదని ఉంది. అయితే గుణం కనబడిన పరీక్షను అవే పరిస్థితులలో ఇంకొకరు తిరిగి చేసి నిరూపించిన దాఖలా లేదు. మనుషుల విషయంలో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్యపరిశోధన మండలి 2015లో, ఏ జబ్బుకూ హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. బ్రిటనులో పశువైద్యుల రాయల్ కాలేజీ 2017లో, ఋజువైన చికిత్సలే ముందు అని తన సభ్యులకు స్పష్టంగా చెప్పింది.

తూజాకు, టీకాకు ముడిపడిన కథ కూడా చెప్పాలి. టీకాలవల్ల ఒక దీర్ఘరోగం పడుతుందని, దానికి తూజా మందని 1884లో బర్నెట్ అనే లండను హోమియో వైద్యుడు పుస్తకం వేశాడు. ఆ అలవాటే చేతులు మారి మన పెద్దమ్మ కొంగుముడికి చేరింది. విచిత్రం ఏమంటే హోమియో పితామహుడు హానెమన్ ఆవుపొక్కు టీకాను మెచ్చుకున్నవాడే. ఆయన తన సిద్ధాంతాన్ని జర్మనీలో ప్రకటించినది 1796లో. అదే ఏడు ఇంగ్లండులో జెన్నరు ఒక పాలపిల్ల చేతిమీది ఆవుపొక్కు రసం తీసి ఒక కుర్రవాడికి మొదటి టీకా వేశాడు. వ్యాక్సిన్ అన్న మాట లాటిను భాషలో ఆవు పేరునుంచి వచ్చింది. టీకా పుట్టిందే మన పశువుల కొట్టంలో అన్నమాట.

అయితే చక్కెర గుళికవల్ల నష్టమేమిటి, పోనీ వేసుకుంటే పోలేదా అని మీరడగవచ్చు. చిన్న గడ్డకు వేస్తే పోయేది నాలుగు రూపాయలే. అందుకు మేము పోట్లాడము. మా భయం వేరే మూడు చోట్ల ఉంది.

మొదటిది, టీకా వేసిన తొలి గంట. ఎక్కడో అరుదుగా ఒక పశువుకు ఏ టీకా అయినా పడదు. నిమిషాలలో కనురెప్పలు, ముఖం, ఈనే ద్వారం వాస్తాయి. ఒంటినిండా దద్దుర్లు లేస్తాయి. చొంగ కారుస్తూ, నోరు తెరిచి ఊపిరి లాగుతూ, తూలి పడుతుంది. దీనికి అడ్రినలిన్ సూది కావాలి, అదీ నిమిషాలలో పడాలి. ఆ సమయంలో సీసా మూత తిప్పుతూ కూర్చుంటే పశువు దక్కదు. అందుకే టీకా బృందం పక్క వీధికి వెళ్లినా ఊరు దాటకముందే మీ పశువులను ఒక గంటసేపు కనిపెట్టి ఉండండి. ముఖం వాచినట్లు అనుమానం వచ్చినా పరుగున వెళ్లి పిలవండి. వారు వెళ్లిపోయి ఉంటే 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి.

రెండవది, తగ్గని బాధ. జ్వరం మూడు రోజులు దాటినా, గడ్డ తగ్గేబదులు పెరిగి వేడిగా మెత్తబడినా అది టీకా వాపు కాదు. సూది వెంట మురికి పోయి చీము పట్టి ఉండవచ్చు, లేదా పిడుదుల జ్వరంవంటిది అదే సమయానికి తగిలి ఉండవచ్చు. "మందు వేస్తున్నాంగా" అన్న ధీమాతో వారం గడిపేస్తే చికిత్స కష్టమవుతుంది. చీముగడ్డను డాక్టరుగారు కోసి శుభ్రం చేయాలి. ఇంట్లో కొడవలి మొనతో గుచ్చడం, పూర్వపు అలవాటు ప్రకారం వాత పెట్టడం వద్దే వద్దు.

మూడవది అన్నిటికన్నా పెద్దది. జబ్బుపడిన పశువు చొంగో పొక్కురసమో తీసి, పై లెక్క ప్రకారం పలుచన చేసి "ఇదే గాలికుంటుకు టీకా, గడ్డా లేదు, పాలూ తగ్గవు" అని చెప్పేవారున్నారు. గడ్డ రాని మాట నిజమే. రక్షణ రాని మాట కూడా అంతే నిజం. టీకా వేసిన పశువు రక్తం పరీక్షిస్తే వ్యాధిని ఎదుర్కొనే పదార్థాలు కనబడతాయి. అవి చక్కెర గుళికతో పుట్టవు. పాలు తగ్గాయని టీకా మానినవారు వారం రోజుల అరలీటరును చూస్తున్నారు. గాలికుంటు దిగిన గేదెను ఒకసారి తలచుకోండి. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు, పొదుగువాపు, ఆ ఈతకు పాలు పోయినట్లే. తేరుకున్నా ఎండకు ఎగపోత. దూడలైతే గుండె దెబ్బతిని ఉన్నట్లుండి కూలిపోతాయి. ముసర వ్యాధి పేరు ఈనాటి కుర్రవాళ్లకు తెలియదంటే కారణం టీకాయే. 1995 తర్వాత అది మన దేశంలో కనబడలేదు, 2011లో ప్రపంచమంతటా అంతమైందని ప్రకటించారు.

ఇక బాధ తగ్గించే పని ఏమిటి? నీడ, కావలసినంత నీరు, పచ్చిమేత. మొదటి రోజు గడ్డమీద చన్నీళ్ల గుడ్డ, తర్వాత గోరువెచ్చని కాపడం. ఒళ్లు బాగా కాలుతుంటే డాక్టరుగారు జ్వరం మందు ఇస్తారు. ఆ మందు వేసిన తర్వాత ఎన్నాళ్లు పాలు సంఘానికి పోయకూడదో ఆయన్నే అడగండి. గాలికుంటు టీకా వేసినందుకు మాత్రం పాలు ఆపనక్కరలేదు. నిండుచూడి పశువు ఉన్నా, జ్వరంతో నలతగా ఉన్న పశువు ఉన్నా సూది వేయకముందే చెప్పండి. మిట్టమధ్యాహ్నం కాక చల్లని పూట వేయించండి. టీకా సీసా మంచు పెట్టెలోంచి వస్తున్నదో లేదో, ప్రతి పశువుకూ సూది మారుస్తున్నారో లేదో చూసే హక్కు మీకుంది. మేము చూసిన చీముగడ్డలలో చాలావాటికి కారణం మందు కాదు, మార్చని సూది.

పిల్లికూన సంగతి మరిచిపోలేదు. పిల్లికైనా టీకా బుడిపె చాలావరకు తనంతట తానే కరుగుతుంది. కాని పిల్లులలో అరుదుగా సూది వేసినచోట పుట్టకురుపు వస్తుంది. నెల దాటినా పెరుగుతున్న గడ్డను, మూడు నెలలైనా పోని గడ్డను, రెండు సెంటీమీటర్లు మించిన గడ్డను పశువైద్యునికి చూపించి తీరాలి. మనవరాలి పిల్లికి అలాంటిదేమీ లేదని కనుక్కున్నాం. రేబిస్ టీకా వేయించి పెద్దమ్మ మంచి పనే చేసింది, పాలింట తిరిగే పిల్లికి అది అవసరం.

వచ్చే విడతకు ప్రతి సంఘంలో కార్యదర్శి ఒక పుస్తకం పెట్టాలని కోరుతున్నాం. చెవిపోగు నంబరు, టీకా తేదీ, టీకాకు ముందురోజు పాలు, ఆ తర్వాత పది రోజుల పాలు రాయండి. మాత్రలు వేసినవారివి, వేయనివారివి వేర్వేరుగా రాయండి. పెద్దమ్మ తన గేదె లెక్క ఇస్తానని ఒప్పుకుంది.