క్రొత్త యింటికి కొనువారు దొరకరేల?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిన మాట మీకందరకు తెలిసినదే. కట్టుటలోని కష్టమును వారు చెప్పిరి గాని అమ్ముటలోని కష్టమును చెప్పలేదు. ఆ కాలమున ఇల్లు అమ్ముకొనుట యనగా పరువు పోగొట్టుకొనుటయే గనుక దానిని గూర్చి సామెత పుట్టలేదు కాబోలు. నేడు కాలము వేఱు. కుమారుడు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడును. వృద్ధులు వానియొద్దకు పోవలసివచ్చును. లేదా వైద్యమునకు ఒక్కమాఱుగా లక్షలు కావలసివచ్చును. మూడేండ్ల క్రిందట ముచ్చటపడి కట్టించిన మేడను అమ్మజూపుదురు. రంగు వాసనయైన వదలని గోడలు, నున్నని రాతినేల, టేకు ద్వారబంధములు. అయినను ఏడాది గడచినను బేరము కుదురదు. ఆ వీథిలోనే డెబ్బదియేండ్ల పెంకుటిల్లు నెల తిరుగకుండ చేతులు మారును. ఈ వింతకు గల కారణములను నేడు విచారింతము.

పెంకుటింటిని కొన్నవాడు నిజమునకు ఇంటిని కొనలేదు. దాని క్రింది నేలను కొన్నాడు. వాసములు, పెంకులు విప్పి అమ్ముకొని తన యిష్టము వచ్చినట్లు కట్టుకొనగలడు. క్రొత్త యింటి విషయమున ఆ స్వేచ్ఛ లేదు. పడగొట్టుటకు మనసు రాదు, మార్చుటకు వీలు చాలదు. మాటవరుసకు ఒక లెక్క చెప్పెదను. స్థలము 10 లక్షలు, కట్టడము 30 లక్షలు అనుకొందము. యజమాని తన 40 లక్షలకు వడ్డీ కూడ కలిపి అడుగును. 40 లక్షలు చేతనున్నవాడు పాతయింటి స్థలము కొని, మిగిలిన సొమ్ముతో తన ముచ్చట తీర కట్టుకొనవచ్చును గదా! ఇతరుని ముచ్చటకు అతడు వడ్డీ ఏల చెల్లించును? పట్టణములో సెలవు దొరకని యుద్యోగి, కట్టించు శ్రమ తప్పినందుకు కొంత హెచ్చు పెట్టును. పల్లెలో తీరిక యున్నవాడు ఆ శ్రమను శ్రమగానే తలపడు.

ఇందులో మఱియొక సూక్ష్మము కలదు. సిమెంటు, ఇనుము ధర విజయవాడలో నెంతయో మన యూరిలోను ఇంచుమించు అంతయే. నేల వెలయో, అక్కడికిని ఇక్కడికిని పొంతన లేదు. కావున పట్టణపుటింటి ధరలో హెచ్చుపాలు నేలది, పల్లెటూరియింటి ధరలో హెచ్చుపాలు గోడలది. నేలకు ముసలితనము లేదు. గోడ కట్టిన మఱునాటినుండియే ముసలిదగుచుండును. ఖర్చు పెట్టిన సొమ్మే యింటి వెల యని నమ్మిన గృహస్థు ఈ భేదమును గుర్తింపక, సంవత్సరమునకు సంవత్సరము ధర పెంచుచు కూర్చుండును. పైగా అంత మొత్తము తేగలవారు ఊరిలో పదిమంది యుందురేమో. ఆ పదిమందికిని ఇదివఱకే ఇండ్లున్నవి.

ఇక శంక. ఇంత క్రొత్తయిల్లు ఇంత త్వరగా ఏల అమ్ముచున్నాడు? కొనవచ్చినవాని మనసున మొదట పుట్టు ప్రశ్న యిదియే. యజమాని దానికి సూటిగా సమాధానము చెప్పనిచో ఊరు చెప్పును. గృహప్రవేశమైన యేడాదికే ఇంట మరణము సంభవించిన దనుదురు, వీథిపోటు ఉన్న దనుదురు, అప్పులవాండ్రు చుట్టుముట్టిరందురు. మా అబ్బాయియొద్దకు పోవుచున్నామని ఒక్కమాట బాహాటముగా చెప్పినచో సగము పుకారులు అణగును. ఏలనో మనవారు ఆ మాటనే దాచుదురు!

వాస్తువిషయమున నా యభిప్రాయము కొందఱకు రుచింపకపోవచ్చును. శాస్త్రము చదివినవాడనే గనుక చెప్పెదను. వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యను చెప్పినపుడు నేలను పరీక్షించు విధమును చెప్పెను. మూరెడు గుంత త్రవ్వి, తీసిన మన్నుతో మరల పూడ్చవలెను. మన్ను మిగిలినచో ఉత్తమము, చాలకున్నచో అధమము. గుంతను నీటితో నింపి నూఱడుగులు నడచి వచ్చి, నీరెంత తగ్గినదో చూడుమనియు చెప్పెను. ఇది నేల గట్టితనమును, నీరు పీల్చు గుణమును తెలిసికొను పరీక్ష గాక మఱేమి? నేడు వంటగది జానెడు జరిగిన దని ఇల్లు వదలిపోవువారు ఈ గుంతను మాత్రము త్రవ్వరు. అయినను కొనువాని నమ్మకము కొనువానిది. ఆగ్నేయమున వంటయిల్లు లేదని వాడు వెనుదిరిగినచో వాదించి లాభము లేదు. వాస్తుతో పనిలేని పొరపాట్లును కలవు. పట్టణపు నమూనా చూచి గదిగదికి స్నానాలగది పెట్టించి, దొడ్డిని మ్రింగివేసిన యిల్లు రైతునకు పనికిరాదు. వడ్ల బస్తాలెక్కడ వేయును? ట్రాక్టరు ఎక్కడ నిలుపును?

నేలమాట వచ్చినది గనుక పగుళ్ల సంగతి చెప్పెదను. నల్లరేగడి తడిసినపుడు ఉబ్బును, ఎండినపుడు కుంచించుకొనును. పునాది చాలినంత లోతుగా లేనిచో ఆ నేలతోపాటు గోడయు కదలును. ముప్పదియేండ్ల యిల్లు ముప్పది వానకాలములకు తట్టుకొన్న సాక్షి. రెండేండ్ల యిల్లు ఇంకను సాక్ష్యమీయని సాక్షి. అందుచేతనే తెలిసినవారు క్రొత్త యింటిని అనుమానించుట. గిలాబాపై వెండ్రుకవలె కనబడు సన్నని బీటలకు భయపడ నక్కఱలేదు. కిటికీమూలనుండి ఏటవాలుగా, ఇటుకల కీళ్లవెంట మెట్లుమెట్లుగా దిగు బీటలే చూడదగినవి. బీట చివర పెన్సిలుతో గీత గీసి, తేదీ వ్రాసి, ఒక వానకాలము, ఒక వేసవి గడవనిండు. గీత దాటినచో నేల కదలుచున్నదన్నమాట. కొందఱు అమ్మకమునకు ముందు బీటలకు రంగు పూయించి కప్పివేయుదురు. ఇది తెలివి గాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, తనకు తెలిసియుండి, కొనువాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టజాలని ముఖ్యలోపమును అమ్మువాడు తానై చెప్పవలసియున్నది.

నీటిసంగతి యొక్కమాటలో ముగించెదను. నల్లగొండ, ప్రకాశము ప్రాంతములలో ఫ్లోరైడు బాధ మీరెఱిగినదే. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి యుండరాదని ప్రమాణము. బోరునీటిని పరీక్షింపించి ఆ కాగితమును చూపినచో ఆ ప్రశ్న అంతటితో తీరును.

అన్నిటికంటె బరువైనది కాగితముల విషయము. బేరములు చెడునది ఎక్కువగా ఇచ్చటనే. తండ్రి స్థలములో కుమారుడు సొంత సొమ్ముతో కట్టించును. గోడలు నావి గనుక ఇల్లు నాదే యనుకొనును. నేల పిత్రార్జితమైనచో అన్నదమ్ములకే గాక అక్కచెల్లెండ్రకును భాగము కలదు. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి వివాహము గాని కుమార్తెలకు సమాంశము వచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట కుమార్తెలందఱకు, వివాహమైనవారికి సైతము, ఆ హక్కు కలిగినది. ఆ తేదీకి తండ్రి జీవించియుండ నవసరము లేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిష్టరు దస్తావేజుతో పంపకములు జరిగినచోట మాత్రము చిక్కు లేదు. తక్కినచోట ఆడపడుచు చేవ్రాలు లేని దస్తావేజును తెలిసినవాడెవడును ముట్టడు. చెల్లెలితో పండుగనాడు మాట్లాడి ఒప్పించుట సులభము. బయానా పుచ్చుకొన్న పిమ్మట ఒప్పింపబోవుట కష్టము.

గ్రామకంఠములోని ఇండ్లకు తరతరములుగా అనుభవమే గాని పట్టా యుండదు. ఇట్టి ఇండ్లను కొలిచి యజమానులకు కార్డు లిచ్చుటకై కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించినది. అది వచ్చిన యూళ్లవారు పేర్లు, కొలతలు సరిగా పడినవో లేదో ఇప్పుడే చూచుకొనుట మేలు. ప్రభుత్వము పేదల కిచ్చిన స్థలముల సంగతి వేఱు. 1977 నాటి చట్టము వాని యమ్మకమును నిషేధించినది. తరువాత వచ్చిన సవరణలు కొన్నింటికి గడువు దాటిన పిదప సడలింపు నిచ్చినవి గాని, తమ స్థలమునకు అది వర్తించునా యని తహశీలుదారు కచేరిలో విచారించియే ప్రకటింపవలెను.

ఈ.సీ. శుభ్రముగా నున్నది గదా యని కొందఱు ధీమాగా నుందురు. రిజిష్టరైన వ్యవహారములు మాత్రమే దానిలో కనబడును. నోటిపంపకములు, రిజిష్టరు గాని వీలునామాలు, కోర్టులో నున్న తగాదాలు అందు కానరావు. కొనువాడు బ్యాంకు అప్పుతో వచ్చువాడైనచో ఈ లోపములన్నియు బయటపడును. బ్యాంకు వకీలు లింకు దస్తావేజులను, మంజూరైన ప్లానును అడుగును. పంచాయతీ యిచ్చిన ప్లానులో ఒక్క అంతస్తు ఉండి, నేలపై రెండున్నచో అప్పు ఆగిపోవును. పైగా 30 లక్షల లోపు ఋణమైనను విలువలో నూటికి 90 వంతులకు మించి ఈయరాదని రిజర్వు బ్యాంకు నియమము. ఆ విలువ బ్యాంకు మదింపుదారు కట్టినదే గాని యజమాని చెప్పినది కాదు. సగము తెలుపు, సగము నలుపు అను పాతపద్ధతియు ఇందువలననే సాగుట లేదు. 2015 జూను 1 నుండి స్థిరాస్తి బేరములో 20 వేలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట నిషిద్ధము.

ఇన్నిటి నడుమ యజమాని చేయగలిగినదేమి? ధరను నెలకొకమాఱు కొంచెము కొంచెముగా తగ్గించుట అన్నిటికంటె చెడ్డపని. చూచువాడు ఇంకను తగ్గునని కూర్చుండును. ఇరువురు తాపీమేస్త్రులచేత నేడు అట్టి యిల్లు కట్టుటకు ఎంతయగునో లెక్క కట్టించి, దానికి లోబడిన ధరను ఒక్కమాఱే చెప్పి నిలువవలెను. దళారులను నలుగురిని పెట్టినచో నాలుగు ధరలు ఊరిలో తిరుగును, ఒక్కడు చాలును.

తాళము వేసిన యిల్లు క్రొత్తదైనను త్వరగా పాడగును. చెదలు పట్టును, గొట్టములలో నీరు నిలిచి చెడును, వానచినుకు కారినను చూచువాడుండడు. బడిపంతులకో, నర్సమ్మకో స్వల్పమైన అద్దెకైన ఇచ్చుట మంచిది. పొయ్యి వెలుగు నింటిని చూచినవానికి శంక తక్కువగా నుండును. కరారును పదునొకండు నెలలకు వ్రాసికొనుట వాడుక. అందులో, కొనువారు వచ్చినపుడు ఇల్లు చూపవలెననియు, అమ్మకమైన పిమ్మట ఇన్ని దినములలో ఖాళీ చేయవలెననియు మఱవక వ్రాయింపుడు.