వాలు దిగే ట్రాక్టరుకు బ్రేకా, గేరా?

వరి నూర్పిళ్ళు ముగిసే వేళకు డెల్టా గ్రామాలలో ధాన్యం బస్తాలతో నిండిన ట్రాలీలు పొలం బాటల మీదుగా కాలువ గట్టు ఎక్కి, అవతలి వైపు దిగి, రోడ్డు చేరుకొంటాయి. విశాఖ మన్యంలో పాడేరు, చింతపల్లి ప్రాంతాల పసుపు, రాజ్మా పంటలు ఘాట్ రోడ్ల మీదుగా మైదానానికి దిగుతాయి. గట్టు వాలు యాభై అడుగులే కావచ్చు, ఘాట్ వాలు కొన్ని కిలోమీటర్లు కావచ్చు. రెండు చోట్లా ట్రాక్టరు నడిపేవారి ముందు నిలిచే ప్రశ్న ఒక్కటే: వేగాన్ని అదుపు చేయడానికి బ్రేకు నొక్కాలా, గేరు తగ్గించాలా?

కారు నడిపేవారికి ఇది చాలావరకు అలవాటుకు సంబంధించిన చర్చ. బరువైన ట్రాలీని వెంటబెట్టుకొని దిగే ట్రాక్టరు విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించినది. అందువలన అభిప్రాయాలను పక్కనబెట్టి ఒక చిన్న లెక్కతో ఆరంభించడం మేలు.

సమతల రోడ్డుపై బ్రేకే సరియైనది

ముందుగా ఒక అపోహను తొలగించవలసి ఉంది. గేరు తగ్గించడమే మంచి డ్రైవరు లక్షణమని భావించి, సమతల రోడ్డు మీద కూడా వేగం తగ్గించడానికి గేరును, క్లచ్‌ను వాడేవారు ఉన్నారు. దీనివలన ప్రయోజనం లేదు. ఇంజను వేగానికి, చక్రాల వేగానికి మధ్య ఉన్న తేడాను క్లచ్ ప్లేటు తన రాపిడితో భరించవలసి వస్తుంది. అరిగిన క్లచ్ ప్లేటును మార్చాలంటే ట్రాక్టరును మధ్యకు రెండుగా విడదీయాలి. ఆ ఖర్చు, పనుల కాలంలో పోయే రోజులు రైతుకు తెలిసినవే. వేగాన్ని తగ్గించడానికే బ్రేకులను రూపొందించారు. కావున సమతలంపై బ్రేకు నొక్కి వేగం తగ్గించి, ఆ తగ్గిన వేగానికి తగిన గేరుకు మారడమే సరియైన క్రమం.

వాలు మీద పరిస్థితి పూర్తిగా మారుతుంది. సమతలంపై ఒకసారి తగ్గిన వేగం తనంతట తాను పెరగదు. వాలుపై భూమ్యాకర్షణ ప్రతి క్షణం బండిని ముందుకు తోస్తూనే ఉంటుంది. అక్కడ కావలసినది వేగాన్ని ఒకసారి తగ్గించడం కాదు, వాలు ముగిసేవరకు పట్టి ఉంచడం.

వాలు ఎంత శక్తిని మోపుతుంది?

45 అశ్వశక్తి గల ట్రాక్టరు బరువు 2 టన్నులు, ఖాళీ ట్రాలీ బరువు 1.5 టన్నులు అనుకొందాం. 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేస్తే 4.5 టన్నులు. మొత్తం 8 టన్నులు. ప్రతి 10 మీటర్లకు 1 మీటరు దిగే వాలుపై ఈ బరువును క్రిందికి లాగే బలం సుమారు 800 కిలోలు. టైర్ల దొర్లుడు నిరోధం తారురోడ్డుపై మొత్తం బరువులో 2 శాతం, అంటే 160 కిలోలు అనుకొంటే, మిగిలిన 640 కిలోల బలాన్ని బ్రేకులో, ఇంజనో పట్టి ఉంచాలి.

బండి గంటకు 20 కి.మీ. వేగంతో దిగితే ఈ 640 కిలోల బలం 47 అశ్వశక్తితో సమానం. అంటే ఇంజను పూర్తి సామర్థ్యంతో ఇచ్చే శక్తి కంటే వాలు మోపే శక్తే ఎక్కువ. అదే బండి 5 కి.మీ. వేగంతో దిగితే ఈ శక్తి 12 అశ్వశక్తికి తగ్గిపోతుంది. వాలు మారలేదు, బరువు మారలేదు. మారినది వేగం మాత్రమే.

ఇంజను ఎంత భరించగలదు?

యాక్సిలరేటర్ వదిలినప్పుడు చక్రాలే ఇంజనును త్రిప్పుతాయి. పిస్టన్లు, బేరింగులు, వాల్వులు, పంపుల రాపిడిని, గాలిని లోనికి పీల్చి బయటకు నెట్టే శ్రమను అప్పుడు చక్రాలు భరించవలసి వస్తుంది. ఇదే ఇంజను బ్రేకింగ్. డీజిల్ ఇంజనులో గాలిని అడ్డుకొనే థ్రాటిల్ పలక ఉండదు. సిలిండరులో అణచిన గాలి తన శక్తిని చాలావరకు తిరిగి పిస్టనుకే ఇచ్చివేస్తుంది. కావున అదనపు ఎగ్జాస్ట్ బ్రేకు లేని సాధారణ ట్రాక్టరు ఇంజను పట్టి ఉంచగల శక్తికి ఒక హద్దు ఉంది. పూర్తి చుట్ల వేగం వద్ద అది ఇంజను సామర్థ్యంలో స్థూలంగా నాలుగింట ఒక వంతు, అంటే 45 అశ్వశక్తి ఇంజనుకు సుమారు 11 అశ్వశక్తి. చుట్లు తగ్గితే ఇదీ తగ్గుతుంది.

ఈ రెండు లెక్కలను కలిపి చూస్తే విషయం స్పష్టమవుతుంది. పై వాలుపై 5 కి.మీ. వేగాన్నిచ్చే చిన్న గేరులో దిగితే దాదాపు మొత్తం భారాన్ని ఇంజనే మోస్తుంది, బ్రేకుకు మిగిలేది అతి స్వల్పం. 20 కి.మీ. వేగాన్నిచ్చే పెద్ద గేరులో దిగితే ఇంజను 11 అశ్వశక్తిని భరించగా, మిగిలిన 36 అశ్వశక్తి బ్రేకులలో వేడిగా మారాలి. అది దాదాపు 26 కిలోవాట్లు: 1 కిలోవాటు ఇస్త్రీపెట్టెలు 26 ఒకేసారి వేడెక్కినంత. వేడెక్కిన కొద్దీ లైనింగుల పట్టు సడలుతుంది, పెడల్‌ను మరింత గట్టిగా నొక్కవలసి వస్తుంది, మరింత వేడి పుడుతుంది. నూనెలో మునిగి ఉండే బ్రేకులు పొడి బ్రేకుల కంటే ఈ వేడిని బాగా తట్టుకొంటాయి కాని, వాటికీ పరిమితి ఉంది. ఘాట్ రోడ్డుపై కాలిన వాసన వస్తున్నదంటే ఆ పరిమితి దగ్గరపడిందని అర్థం.

ఎక్కిన గేరులో దిగితే చాలునా?

'ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి' అనే మాట డ్రైవర్లలో ప్రచారంలో ఉంది. ఇది మంచి సూత్రమే అయినా పూర్తిగా సరిపోదు. ఇంజను శక్తిలో నాలుగింట మూడు వంతులు చక్రాలకు చేరుతుందనుకొంటే, పై బండి అదే వాలును గంటకు సుమారు 9 కి.మీ. వేగంతో ఎక్కగలదు. అదే గేరులో, అదే వేగంతో దిగేటప్పుడు వాలు మోపే శక్తి 21 అశ్వశక్తి. ఇంజను 11 భరించినా, మిగిలిన 10 అశ్వశక్తి బ్రేకులపైనే పడుతుంది. చిన్న గట్టుపై ఇది పెద్ద విషయం కాదు. కిలోమీటర్ల పొడవునా సాగే ఘాట్ వాలుపై ఇదే ప్రమాదానికి దారితీస్తుంది. కావున ఎక్కిన గేరును దిగడానికి గరిష్ఠ పరిమితిగా భావించి, నిండు బరువుతో పొడవైన వాలు దిగేటప్పుడు అంతకంటే ఒకటి రెండు గేర్లు తక్కువలో ఉండడం క్షేమం.

ఖాళీ ట్రాలీతో వచ్చిన అనుభవం కూడా మోసగిస్తుంది. 3.5 టన్నుల ఖాళీ బండిని ఇదే వాలుపై 10 కి.మీ. వేగం వద్ద ఇంజను ఒక్కటే పట్టి ఉంచగలదు. ఉదయం ఖాళీగా సాఫీగా దిగిన గేరు సాయంత్రం 60 బస్తాలతో దిగేటప్పుడు చాలదు.

ట్రాక్టరు కారు కాదు

కారులో గేర్ల వేగాలను సరిచేసే సింక్రోమెష్ ఏర్పాటు ఉంటుంది. వాలుపై దిగుతూనే నాలుగు నుండి మూడుకు, మూడు నుండి రెండుకు మారవచ్చు. మన పొలాలలో తిరిగే ట్రాక్టర్లలో అనేకం స్లైడింగ్ మెష్ లేక కాన్‌స్టంట్ మెష్ గేరుపెట్టెలు గలవి. కొన్ని నమూనాలలో సింక్రోమెష్ ఉన్నా, హై–లో రేంజి లీవరును సాధారణంగా బండి ఆగిన తరువాతనే మార్చాలి. దిగుతున్న బండిని న్యూట్రల్‌కు తెస్తే, చిన్న గేరు పడక పళ్ళు గీసుకొని శబ్దం చేస్తాయి. ఆ కొద్ది క్షణాలలో ఇంజనుకు, చక్రాలకు సంబంధం ఉండదు. వెనుక 6 టన్నుల ట్రాలీ తోస్తూ ఉంటుంది. వేగం పెరిగే కొద్దీ గేరు పడే అవకాశం మరింత తగ్గుతుంది.

అందువలన ట్రాక్టరు విషయంలో గేరు నిర్ణయం వాలు పైభాగంలోనే, బండి ఆగి ఉండగానే జరగాలి. పొరపాటున పెద్ద గేరులో దిగడం మొదలైతే, వేగం పెరగకముందే రెండు బ్రేకులూ కలిపి నొక్కి బండిని పూర్తిగా ఆపి, బ్రేకు వదలకుండానే చిన్న గేరు వేసుకొని, క్లచ్‌ను నెమ్మదిగా వదలాలి. బండి న్యూట్రల్‌లో దొర్లుతున్నట్లయితే గేరు కోసం వెదకుతూ కాలం వృథా చేయక వెంటనే బ్రేకుతో ఆపాలి. గేరులో దిగుతూ క్లచ్ తొక్కినా న్యూట్రల్‌తో సమానమే. బ్రేకుతో పాటు క్లచ్ తొక్కే అలవాటు ఉన్నవారు వాలుపై దానిని మానుకోవాలి.

న్యూట్రల్‌లో డీజిల్ ఆదా కాదు

వాలుపై న్యూట్రల్‌లో దొర్లితే డీజిల్ మిగులుతుందన్న నమ్మకం ఇంకా పోలేదు. నిజానికి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలినప్పుడు, ఇంజను చుట్లు నిర్ణీత వేగాన్ని మించగానే గవర్నర్ ఇంధన సరఫరాను నిలిపివేస్తుంది. ఇంజనును చక్రాలే త్రిప్పుతూ ఉంటాయి. న్యూట్రల్‌లో ఇంజను ఐడ్లింగ్‌లో నడవడానికి డీజిల్ కావాలి. అంటే డీజిల్ ఖర్చు న్యూట్రల్‌లోనే ఎక్కువ. అయితే గవర్నర్ డీజిల్‌ను ఆపగలదే గాని, చక్రాలు బలవంతంగా త్రిప్పే ఇంజనును ఆపలేదు. దిగుతున్నప్పుడు ఇంజను మోత పెరుగుతూ పోతే అది పరిమితి దాటుతున్నదని గ్రహించి బ్రేకుతో వేగం తగ్గించాలి. లేనిచో వాల్వులు, ఇతర భాగాలు దెబ్బతింటాయి.

రెండింటికీ ఆధారం వెనుక టైర్లే

ట్రాక్టరు బ్రేకులు పనిచేసేది వెనుక చక్రాలపైనే. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరులో ఇంజను బ్రేకింగ్ కూడా ఆ చక్రాల ద్వారానే రోడ్డును చేరుతుంది. అనేక ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. కావున గేరు తగ్గిస్తే బ్రేకుల వేడి తగ్గుతుందే గాని, టైర్ల పట్టు పెరగదు. వెనుక టైర్లపై 1,800 కిలోల బరువు ఉందనుకొంటే, పొడి తారురోడ్డుపై అవి 1,200 కిలోలకు పైగా పట్టు ఇవ్వగలవు. తడిసిన బంకమట్టి గట్టుపై పట్టు గుణకం 0.3కు పడిపోతే లభించేది 540 కిలోలే. కావలసినది 640. ఆ స్థితిలో బ్రేకు నొక్కినా, గేరు తగ్గించినా వెనుక చక్రాలు జారతాయి, ట్రాలీ పక్కకు మెలిక తిరిగి ట్రాక్టరును తోసివేస్తుంది. దీనికి డ్రైవరు నైపుణ్యం పరిష్కారం కాదు. బస్తాలు సగానికి తగ్గించడమో, గట్టు ఆరేవరకు ఆగడమో మాత్రమే పరిష్కారం. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరయితే వాలుకు ముందే ముందు చక్రాల డ్రైవ్‌ను కలపాలి. అప్పుడు ముందు టైర్లు కూడా పట్టులో పాలు పంచుకొంటాయి.

ట్రాక్టరుకు ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్ళు ఉండడం పొలంలో మలుపులకు ఉపయోగకరం. రోడ్డుపైకి వచ్చే ముందు రెండింటినీ కలిపే గొళ్ళెం వేయకపోతే, ఆపత్సమయంలో ఒక్క పెడలే పడి బండి ఒక ప్రక్కకు తిరిగిపోతుంది.

దిగే ముందు పాటించవలసిన క్రమం

1. బ్రేకు పెడళ్ళ గొళ్ళెం, ట్రాలీ హుక్కు పిన్ను సరిచూడాలి. చేతి యాక్సిలరేటర్‌ను పూర్తిగా తగ్గించాలి.
2. వాలు పైభాగంలో బండిని ఆపి చిన్న గేరు వేయాలి. ఏ గేరులో ఎంత వేగమో ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలోని పట్టికలో చూసుకోవాలి.
3. దిగుతున్నంతసేపు గేరు మార్చరాదు, క్లచ్ తొక్కరాదు, న్యూట్రల్ చేయరాదు.
4. వేగం పెరిగితే బ్రేకును గట్టిగా నొక్కి, తగినంత తగ్గగానే వదలాలి. పెడల్‌పై పాదం ఆనించి ఉంచరాదు.
5. వాలుపై ఆపవలసి వస్తే పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు లేక దిమ్మలు అడ్డం పెట్టాలి.
6. ట్రాలీలో గాని, బస్తాలపై గాని, మడ్‌గార్డులపై గాని మనుషులను ఎక్కించరాదు.

చివరి నియమం గేరుకు, బ్రేకుకు సంబంధించినది కాకపోయినా అన్నింటికంటే ముఖ్యమైనది. 2018 ఏప్రిల్, జూన్ నెలలలో పూర్వపు నల్లగొండ జిల్లా ప్రాంతంలో కూలీలతో వెళుతున్న రెండు ట్రాక్టర్లు కాలువలలో బోల్తాపడి అనేకమంది మహిళలు మరణించారు. ఆ ప్రమాదాల కారణాల విచారణ ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. గట్టు మీద ట్రాక్టరు అదుపు తప్పితే నష్టపోయేది యంత్రం మాత్రమే కాదని అవి గుర్తుచేస్తాయి.

కిలోమీటరు పొడవైన వాలును 20 కి.మీ. వేగంతో దిగితే 3 నిమిషాలు, 5 కి.మీ. వేగంతో దిగితే 12 నిమిషాలు పడుతుంది. సాయంత్రం లోపల మరొక ట్రిప్పు వేయాలన్న తొందరలో యజమానులు, డ్రైవర్లు మిగుల్చుకోదలచేది ఈ 9 నిమిషాలనే. వాలు మీద వేగాన్ని పట్టి ఉంచడం గేరు పని, బండిని ఆపడం బ్రేకు పని. గేరు తన పని చేస్తేనే, అవసరం వచ్చిన క్షణాన బ్రేకు చల్లగా, సిద్ధంగా ఉంటుంది. గట్టు మీద ఒక్క నిమిషం ఆగి చిన్న గేరు వేసుకొనే అలవాటును డ్రైవరుకు నేర్పడం, దానికి పట్టే కాలాన్ని కిరాయి లెక్కలో చేర్చడం ట్రాక్టరు యజమాని బాధ్యత.